విదేశీ పత్రికల చదువు సర్కారు కాలేజీలకే
ప్రైవేటు కాలేజీల పల్లె పిల్లల మాటేమిటి?

మేడిపల్లి: ఉప్పల్ రోడ్డులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వారు కలిసి ఎండాకు తెగులును తట్టుకునే సాంబ మసూరిని రూపొందించారు. అది 2008లో విడుదలైంది. ఇటువంటి పనికి దిగేవారు ప్రపంచంలో ఇతరులు ఏమి కనుగొన్నారో ముందుగా చదవాలి. ఆ సంగతులు వచ్చేది శాస్త్ర పత్రికలలో. పేరున్న పత్రికలు చాలావరకు హాలెండు, జర్మనీ, బ్రిటన్, అమెరికా కంపెనీల చేతిలో ఉన్నాయి.

కౌలు వంటి చందా

పూర్వం పత్రిక పోస్టులో వచ్చేది. చందా ఆగినా పాత సంచికలు లైబ్రరీ బీరువాలో మిగిలేవి. ఇప్పుడు చదివేది కంప్యూటరులో. లైబ్రరీ కొనేది పత్రికను కాదు, గడువు వరకు చదువుకునే అనుమతిని. కౌలు పొలం మాదిరిగానే ఎవరు అడుగు పెట్టవచ్చునో ఒప్పందంలోనే రాసి ఉంటుంది.

ఒక్కొక్క సంస్థ విడిగా బేరమాడితే ఖర్చు మోయలేనిదవుతున్నది. అందువల్ల దేశమంతటికీ ఒకే చందా కట్టే పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించింది. 2025 నుంచి 2027 వరకు మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలు 6,300కు పైగా సంస్థలకు అందేటట్లు ఏర్పాటు చేశారు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దీనిని నడుపుతున్నది.

గేటు బయట ఎవరు?

రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వ విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు మాత్రమే మంత్రివర్గం ఈ పథకాన్ని ఆమోదించింది. ఆ లెక్కన ఉస్మానియా విద్యార్థికి, సి.సి.ఎం.బి. పరిశోధకునికి దారి ఉన్నది. ప్రైవేటు కాలేజీలకు అందులో చోటు దక్కలేదు.

మేడిపల్లి దాటి ఘట్‌కేసర్ వైపు వెళితే ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలు అనేకం. ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటుతో వాటిలో చదివే రైతు బిడ్డలకు కొదవ లేదు. ఫీజు సర్కారుదే, చందా సర్కారుదే అయినా ఆ పత్రికలు మాత్రం వారికి అందకపోవడం గమనార్హం.

ఇటువంటి విద్యార్థులకు కొన్ని దారులు లేకపోలేదు. ఎవరైనా ఉచితంగా చదవగల శాస్త్ర పత్రికలు ఉన్నాయి. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీలో పేరు నమోదు చేసుకోవచ్చు. వ్యాసం రాసిన శాస్త్రజ్ఞునికే ఈమెయిల్ పంపి ప్రతి అడగవచ్చు.

అయితే ఇవి అసలు గేటుకు బదులు కావు. మూడేళ్ల గడువు ముగిసి మళ్లీ బేరం కుదుర్చుకునే వేళ, పల్లెల నుంచి ప్రైవేటు కాలేజీలకు వెళ్లే పిల్లలను కూడా ఒప్పందంలో చేర్చే విషయం ప్రభుత్వం ఆలోచించవలసి ఉన్నది.