జారుడు యంత్రములందు సూదంటురాయియు ఉక్కుగుండ్లును

యంత్రమున ఒక భాగము వేరొకదానిపై జారునపుడు ఘర్షణ కలుగును. బండి యిరుసునకు కందెన పూయుట దీనిని తగ్గించుటకే. ఉక్కుగుండ్లు జారుటను దొర్లుటగా మార్చి ఘర్షణను మఱింత తగ్గించును. ఇరుసు గుండ్లపై దొర్లు పద్ధతికి ఫిలిప్ వాన్ 1794లో పేటెంటు పొందెను.

అయస్కాంతము పని వేరు. ‘ఇనుమునకు ప్రియమైనది’ అని సంస్కృతపదము చెప్పగా, తెలుగుపదమైన సూదంటురాయి ‘అంటుట’ను చెప్పుచున్నది. ఆకర్షణము భాగములను ఒకదానికొకటి అదుముటచే ఘర్షణ పెరుగును. కావున అది జారుడు తలుపును మూసియుంచుటకు తగును గాని జరుపుటకు తగదు. సజాతిధ్రువముల వికర్షణచే బరువును తేల్చరాదా యందురేని, స్థిరాయస్కాంతముల బలమొక్కటియే వస్తువును నిలుకడగా తేల్చజాలదని ఎర్న్‌షా సిద్ధాంతము (1842) తెలుపుచున్నది. బరువును అయస్కాంతములు మోసినను, దారి తప్పకుండ నడుపుటకు గుండ్లో పట్టాలో వలయును.

అండమాన్ నికోబార్ దీవులలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము కురియును, ఉప్పుగాలి యెడతెగదు. అచట మామూలు ఉక్కుగుండ్లు త్వరగా త్రుప్పుపట్టును. 1980వ దశకమున వెలువడిన నియోడిమియం అయస్కాంతము పైపూత చెదరినచో పొడియై రాలును. గుండ్లచెంత అయస్కాంతమున్నచో ఇనుపరజను అచటనే చేరి వానిని అరుగదీయును. కావున తేలిక బరువులకు, అయస్కాంతము అంతగా ఆకర్షింపని 316 రకపు ఉక్కుగుండ్లు గాని పింగాణిగుండ్లు గాని మేలు.

ఈ దీవులలో తెలుగువారు గణనీయముగా నున్నారు. వారి బిడ్డలకు ఈ విషయము బోధించునపుడు సూదంటురాయి యన్నచో, సూత్రము పేరులోనే దొరకును.