ల్యాప్‌టాప్‌ను నిద్రపుచ్చాలా, ఆర్పెయ్యాలా?

రాత్రి పది గంటలయ్యేసరికి మా ఇంట్లో ఒక చిన్న తగువు మొదలవుతుంది. అబ్బాయి ల్యాప్‌టాప్ మూత టపీమని మూసి లేచిపోతాడు. "అలా మూసేస్తే అయిపోయిందా? పద్ధతిగా షట్ డౌన్ చెయ్యొద్దూ?" అంటాను నేను. "పొద్దున్నే మళ్ళీ తీసేదే కదా నాన్నా, పడుకోనీ దాన్ని" అంటాడు వాడు. గ్యాసు కట్టేసి, తలుపులు గడియ వేసి, దీపాలన్నీ ఆర్పి పడుకోవడం అలవాటైన తరం మాది. బల్ల మీద ఆ చిన్న దీపం మిణుకు మిణుకుమంటూంటే నాకు మనసొప్పదు. మీ ఇళ్ళల్లోనూ ఈ తగువు ఉండే ఉంటుంది. ఇందులో ఎవరి మాట ఎంతవరకు న్యాయమో చూద్దాం.

ముందు ఆ మూత కింద జరిగేదేమిటో తెలుసుకోవాలి. కంప్యూటరులో రెండు రకాల జ్ఞాపకాలున్నాయి. ఒకటి ర్యామ్. ఇది పలక లాంటిది. మనం పని చేస్తున్నంతసేపు అంతా దాని మీదే ఉంటుంది, కరెంటు పోయిందా, తుడిచిపెట్టుకు పోతుంది. రెండోది డిస్కు. ఇది నోటుపుస్తకం లాంటిది. కరెంటున్నా లేకపోయినా రాసింది పదిలంగా ఉంటుంది. మనం 'సేవ్' చేయడమంటే పలక మీది రాతను పుస్తకంలోకి ఎక్కించడమే.

స్లీప్, అంటే నిద్రలో, తెర ఆరిపోతుంది, లోపలి పనులు చాలావరకు ఆగిపోతాయి. పలక మీది రాత చెరిగిపోకుండా ర్యామ్‌కు మాత్రం సన్నగా కరెంటు అందుతూనే ఉంటుంది. అందుకే మూత ఎత్తగానే వదిలిన చోటే పని దొరుకుతుంది. హైబర్నేట్ చేస్తే పలక మీద ఉన్నదంతా డిస్కు మీదికి ఎక్కించి, ఆ తర్వాత యంత్రం పూర్తిగా ఆగిపోతుంది. లేవడానికి కాస్త ఆలస్యమైనా దీనికి బ్యాటరీతో పని లేదు. షట్ డౌన్ అంటే ప్రోగ్రాములన్నీ మూసేసి కొట్టు కట్టేయడం.

ఇక కరెంటు లెక్క. నిద్రలో ఉన్న ల్యాప్‌టాప్ సాధారణంగా ఒకటి రెండు వాట్లు తీసుకుంటుంది. 2 వాట్ల చొప్పున రోజంతా, నెలంతా నిద్రలోనే ఉంచినా అయ్యేది దాదాపు ఒకటిన్నర యూనిట్లు. దానికోసం ఇంట్లో పోట్లాట అనవసరం. మాటిమాటికీ ఆపి వేస్తే యంత్రం అరిగిపోతుందన్న భయం కూడా చాలామందికి ఉంది. రోజుకు నాలుగుసార్లు ఆపి వేసినా ఏడాదికి 1460 సార్లే అవుతుంది. తిరిగే డిస్కులను సైతం పదుల వేల సార్లకు తట్టుకునేటట్టే తయారుచేస్తారు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండే ఎస్.ఎస్.డి.లో తిరిగే భాగమే లేదు. కాబట్టి ఈ రెండు వాదాలూ పక్కన పెట్టవచ్చు. అసలు చూసుకోవలసింది పలక మీది రాత సంగతి. అది నాకు తెలిసివచ్చిన తీరు చెబుతాను.

మాది బరంపురం. మా మేనత్త పక్కనున్న ఇచ్ఛాపురం నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చింది. పెళ్ళిపాటలకు మా బంధువులందరిలో ఆవిడే పెద్ద దిక్కు. నలుగుకు ఒకటి, తలంబ్రాలకు ఒకటి, అప్పగింతలకు ఒకటి. ఒరియా బడిలో చదువుకున్న మా పిల్లలకు ఆ పాటలు మిగలాలని, 2013లో సెలవు రోజుల్లో ఆవిడ చెబుతూంటే నేను ల్యాప్‌టాప్‌లో ఎక్కించడం మొదలుపెట్టాను.

ఆ అక్టోబరులో పైలిన్ తుపాను వచ్చింది. 12వ తేదీ రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ మధ్యాహ్నం బయటికి వెళ్ళే వీలు లేక అత్తయ్యను కూర్చోబెట్టి ఐదు పాటలు రాసుకున్నాను. ఇంతలో గాలి పెరిగింది. "ఒరే నాయనా, ముందు కిటికీలు చూడరా" అందావిడ. మూత మూసేసి లేచాను. సేవ్ చేయలేదు. మూస్తే నిద్రపోతుందిలే, తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను. మర్నాడు ఊరంతా చెట్లు, స్తంభాలు పడిపోయి ఉన్నాయి. కరెంటు రోజుల తరబడి లేదు. మా పాత బ్యాటరీ ఒక్క రోజు కూడా నిలవలేదు. అంతకు ముందే డిస్కులో చోటు మిగులుతుందని ఒక మెకానిక్ సలహా ఇస్తే హైబర్నేట్ తీసేయించుకున్నాను. నేను రాసుకుంటున్నది నోట్‌ప్యాడ్‌లో. ఆ రోజుల్లో అది తనంతట తాను ఏదీ దాచుకునేది కాదు. కరెంటు వచ్చాక మూత తెరిస్తే ఖాళీ తెర.

అత్తయ్య నన్ను ఒక్క మాట అనలేదు. "మళ్ళీ రాసుకోరా, నేనింకా ఉన్నాను కదా" అంది. మూడు పాటలు గడగడా చెప్పేసింది. నాలుగోది సగం దాకా వచ్చి ఆగింది. ఐదోది అప్పగింతల పాట, వాళ్ళ నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది. ఎంత తడుముకున్నా అందలేదు. "రేపు గుర్తొస్తుందిలే" అంది. ఆ రేపు రాలేదు. ఆవిడ ఇప్పుడు లేదు.

అప్పటినుంచి మా ఇంట్లో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. మీకూ పనికొస్తాయి.

పగటిపూట గంటా రెండు గంటలకోసారి వాడుతూంటే నిద్ర చాలు. మాటిమాటికీ షట్ డౌన్ అక్కర్లేదు. ఈ విషయంలో మా అబ్బాయిదే గెలుపు. కానీ మూత మూసేముందు సేవ్ చేయడం మాత్రం తప్పదు.

రాత్రికి, తుపాను కబురు ఉన్నప్పుడు, బ్యాటరీ పాతబడినప్పుడు హైబర్నేట్ గాని షట్ డౌన్ గాని చేయండి. విండోస్‌లో హైబర్నేట్ అన్న మాట మెనూలో కనబడకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్ళి, పవర్ బటన్ ఏం చేయాలో నిర్ణయించే చోట వెతకండి. చాలా యంత్రాలలో అక్కడ పెట్టుకోవచ్చు. ఆపిల్ మ్యాక్‌బుక్‌లు మామూలుగా నిద్రపోయేటప్పుడే ర్యామ్‌లో ఉన్నది డిస్కు మీద కూడా రాసుకుంటాయి కాబట్టి వాటికి ఈ దిగులు తక్కువ.

ప్రయాణంలో నిద్ర పనికిరాదు. ఇప్పటి విండోస్ ల్యాప్‌టాప్‌లు చాలావరకు సెల్‌ఫోను లాగ కోడినిద్ర పోతాయి. మధ్యమధ్య లేచి ఉత్తరాలు, కొత్త మార్పులు తెచ్చుకుంటాయి. బెంగుళూరు రైల్లో సంచీలో బిగించి పెట్టిన యంత్రం అలా లేస్తే గాలాడక వేడెక్కుతుంది. వేడి బ్యాటరీకి శత్రువు. ఆర్పేసి సంచీలో పెట్టండి.

వారానికోసారి రీస్టార్ట్ చేయండి. ఇక్కడ నాబోటి షట్ డౌన్ భక్తులకు ఒక చిక్కుంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అనే ఏర్పాటు ఉంది. అది పని చేస్తూంటే, షట్ డౌన్ చేసినా విండోస్ మూలభాగాన్ని డిస్కు మీద దాచిపెట్టి మర్నాడు దాన్నే మళ్ళీ తెస్తుంది. అన్నీ మొదటినుంచి శుభ్రంగా మొదలయ్యేది రీస్టార్ట్‌తోనే. యంత్రం మందగించినా, కొత్త మార్పులు పూర్తి కావాలన్నా అదే మార్గం.

ఇప్పుడు రాత్రి పదింటికి మా ఇంట్లో తగువు లేదనను. అబ్బాయి మూత మీద చెయ్యి వేయగానే "సేవ్ చేశావా?" అంటాను. "చేశాను నాన్నా" అంటాడు విసుగ్గా. ఆ విసుగు నేను భరించగలను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే పాటో, పచ్చడో, ఊరి కథో ఎక్కించుకుంటూంటే, ఈ రాత్రి మూత మూసేముందు మీరూ ఒక్కసారి ఆ ప్రశ్న వేసుకోండి.