ఆటోగేరు కుదుపు: పెట్టె విప్పే ముందు

ఖమ్మం నుంచి భద్రాచలం దాదాపు 120 కిలోమీటర్లు. జూలూరుపాడు దాటి కొత్తగూడెం వైపు వెళ్తుంటే బొగ్గు లారీలు తగులుతాయి. ఇక పాల్వంచ దాకా వాటి వెనకే ఆగుతూ, కదులుతూ పోవాలి. పది, పన్నెండేళ్ల ఆటోమేటిక్ కారు బాగోగులు బయటపడేది ఇక్కడే. పొద్దున ఇంటి దగ్గర మెత్తగా మారిన గేరు, మే నెల ఎండలో రెండు గంటలు నడిచాక ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు కుదుపుతుంది. గోదావరి వంతెన ఎక్కేసరికి బండిలో అందరిదీ ఒకటే అనుమానం: గేర్‌బాక్స్ పోయిందా?

చాలాసార్లు పోదు. ఆయిలో, రబ్బరు మౌంటో, బలహీనపడ్డ బ్యాటరీయో కారణమై ఉంటుంది. తక్కువ ఖర్చుతో తేలేవాటిని ముందు చూసుకుంటూ పోతే, గేర్‌బాక్స్ దించే అవసరం వచ్చేది కొద్దిమందికే. అయితే దానికో వరుస ఉంది.

మీది ఏ ఆటోమేటిక్?

క్లచ్ పెడల్ లేని ప్రతి బండినీ మనం ఆటోమేటిక్ అనేస్తాం. లోపల ఉండేవి మాత్రం ముఖ్యంగా నాలుగు రకాల యంత్రాలు.

మొదటిది టార్క్ కన్వర్టర్. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో జనరల్ మోటార్స్ తెచ్చిన హైడ్రామాటిక్ కాలం నుంచి ఆయిల్ ఒత్తిడితో గేర్లు మార్చే పద్ధతి జనంలోకి వచ్చింది. మన దగ్గర పాత ఐ10 ఆటోమేటిక్, 2016లో వచ్చిన ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్ ఈ కోవలోవి. ఇంజన్ బలాన్ని గేర్లకు అందించేది ఇందులో ప్రధానంగా ఆయిలే.

రెండోది ఏఎంటీ. 2014లో మారుతి సెలేరియోతో మన దేశానికి వచ్చింది. ఇది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ ప్లేటు కూడా ఉంటుంది. మన కాలూ చెయ్యీ చేసే పనిని యాక్చుయేటర్ అనే పరికరం చేస్తుంది. గేరు మారేటప్పుడు తల కాస్త ముందుకు ఊగడం దీనికి కొత్తలోనే ఉన్న అలవాటు. ఆ ఊపు మునుపటికన్నా పెరిగితేనే జబ్బు.

మూడోది సీవీటీ. 2014 హోండా సిటీ పెట్రోల్‌లో ఇచ్చారు. రెండు పుల్లీల మధ్య బెల్టు తిరుగుతుంది. విడివిడిగా గేర్లు ఉండవు కాబట్టి గేరు మారే కుదుపూ ఉండకూడదు. బయలుదేరేటప్పుడు వణికితే అనుమానించాల్సిందే.

నాలుగోది డ్యూయల్ క్లచ్. 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐలో ఉంది. రెండు క్లచ్‌లు వంతులవారీగా పనిచేస్తాయి. లారీల వెనక అంగుళం అంగుళం పాకించడం దీనికి గిట్టదు.

మీ బండి ఏ రకమో తేలకుండా మందు వేయకూడదు. టార్క్ కన్వర్టర్‌కు పోసే ఏటీఎఫ్ అనే ఆయిల్‌ను సీవీటీలో పోస్తే బెల్టు జారి పుల్లీలు గీసుకుపోతాయి.

కుదుపు ఎప్పుడు వస్తోంది?

షెడ్డుకు వెళ్లి "జర్క్ కొడుతోంది" అని ఊరుకుంటే మెకానిక్ ఊహించడం మొదలుపెడతాడు. రెండు రోజులు గమనించి కాగితం మీద రాసుకుని వెళ్లండి.

చల్లగా ఉన్నప్పుడు కుదిపి, వేడెక్కాక సర్దుకుంటే ఆయిల్ పాతబడి ఉండవచ్చు, తగ్గి ఉండవచ్చు, లోపలి సీళ్లు గట్టిపడి ఉండవచ్చు. వేడెక్కాకే కుదిపితే ఆయిల్ పలచబడి ఒత్తిడి నిలవడం లేదనో, ఆయిల్ దారులను తెరిచి మూసే సోలెనాయిడ్ వేడికి మొరాయిస్తోందనో అనుకోవాలి. ఒకటి నుంచి రెండుకు మాత్రమే కుదిపి మిగతావి మెత్తగా మారితే, ఆ గేరుకు సంబంధించిన సోలెనాయిడ్, వాల్వు, క్లచ్‌ల మీదికి అనుమానం వెళ్తుంది.

పార్కింగ్ నుంచి రివర్స్‌కో డ్రైవ్‌కో వేయగానే ఠప్పున శబ్దం వస్తే ముందు ఇంజన్, గేర్‌బాక్స్ మౌంట్లు చూపించండి. రబ్బరు చితికిపోతే బాక్స్ బాగున్నా బండి అదురుతుంది. సమవేగంలో పోతున్నప్పుడు చిన్న గతుకుల మీద వెళ్తున్నట్టు వణికితే టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్‌ను చూడాలి. స్పార్క్ ప్లగ్గులు, కాయిళ్లు పాడై ఇంజన్ మిస్ అవుతున్నా అచ్చం అలాగే అనిపిస్తుంది. అందుకే ప్లగ్గులు, థ్రాటిల్ బాడీ, బ్యాటరీ, ఎర్త్ వైరు చూశాకే గేర్‌బాక్స్ జోలికి వెళ్లాలి. ఈమధ్యే బ్యాటరీ తీసి బిగించి ఉంటే కొన్ని బండ్లలో కంప్యూటర్ నేర్చుకున్న లెక్కలు చెరిగిపోతాయి. అది మళ్లీ నేర్చుకునేదాకా కొన్నాళ్లు కుదుపు మామూలే.

ఆయిల్ చెప్పే సంగతి

గేర్‌బాక్స్ ఆయిల్‌కు డిప్‌స్టిక్ ఉన్న బండి అయితే దాని మట్టం మీరే చూసుకోవచ్చు. ఇరవై నిమిషాలు నడిపి, చదును నేల మీద ఆపి, బ్రేకు తొక్కి ఉంచి లివర్‌ను అన్ని స్థానాల్లోకీ ఒకసారి తిప్పి పార్కింగ్‌లో పెట్టండి. చాలా బండ్లకు ఇంజన్ ఆడుతుండగానే కొలవాలి, కొన్నింటికి ఆపి కొలవాలి. ఓనర్స్ మాన్యువల్ ఏం చెబితే అది చేయండి. డిప్‌స్టిక్ లేని బండిని లిఫ్టు ఎక్కించి చూపించుకోవాలి.

ఆయిల్ తక్కువైతే పంపు గాలి లాగుతుంది. ఎక్కువైనా నురగ కడుతుంది. రెండింటికీ ఫలితం కుదుపే. కొత్త ఏటీఎఫ్ చాలావరకు ఎర్రగా ఉంటుంది. ముదురు రంగు వస్తే వయసైపోయినట్టు. నల్లగా మారి మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టు. రోజ్ మిల్క్‌లా కనిపిస్తే నీళ్లు కలిశాయి. రేడియేటర్‌లోని ఆయిల్ కూలర్ లీకవుతున్నా ఇలాగే అవుతుంది. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అలాంటి వరదలో నిలిచిన బండ్లకు గేర్‌బాక్స్ గాలిగొట్టం గుండా నీళ్లు పోవచ్చు. ఈ ప్రాంతంలో పాత కారు కొనేవాళ్లు ఇంజన్ ఆయిల్‌తో పాటు ఈ ఆయిల్ రంగూ చూడాలి.

ఆయిల్ మార్చేటప్పుడు తెలుసుకోవాల్సింది మరొకటి ఉంది. అడుగున బోల్టు విప్పితే చాలా టార్క్ కన్వర్టర్ బండ్లలో సగమో, అంతకన్నా తక్కువో బయటికొస్తుంది. మిగతాది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే కొంత నడిపి రెండోసారి, మూడోసారి మార్చడం మంచి పద్ధతి. లక్ష కిలోమీటర్లు దాటినా ఒక్కసారీ మార్చని బాక్సుకు యంత్రం పెట్టి ఒత్తిడితో ఫ్లష్ చేయిస్తే, పేరుకున్న మురికి కదిలి సన్నని ఆయిల్ దారులకు అడ్డం పడే ప్రమాదం ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన కథ అవుతుంది. అడుగున ఉండే ఆయిల్ పాన్ విప్పినప్పుడు అందులోని అయస్కాంతం మీద బూడిదరంగు ముద్ద ఉంటే భయం లేదు. లోహపు ముక్కలు మెరిస్తే బాక్స్ విప్పక తప్పదు.

ఏఎంటీకి దారి వేరు. అక్కడ చూడాల్సినవి క్లచ్ ప్లేటు అరుగుదల, యాక్చుయేటర్‌లో ఆయిల్ మట్టం. క్లచ్ మార్చాక స్కానర్‌తో క్లచ్ పాయింట్ నేర్పించకపోతే కొత్త ప్లేటు కూడా కుదుపుతుంది.

స్కానర్ మాట

పై పరీక్షల్లో ఏదీ తేలకపోతే స్కానర్ పెట్టించి కోడ్లు రాసుకోండి. పీ0700 గేర్‌బాక్స్ వైపు ఏదో తప్పుందని మాత్రమే చెబుతుంది. పీ0218 అంటే ఆయిల్ మితిమీరి వేడెక్కింది. పీ0730 అంటే వేసిన గేరుకూ తిరిగే వేగానికీ లెక్క కుదరడం లేదు. పీ0741 లాకప్ క్లచ్‌కు సంబంధించినది. కోడు వీధి చూపిస్తుంది, ఇల్లు వెతుక్కోవాల్సింది మెకానికే. కోడు చూసి నేరుగా విడిభాగం మార్చేస్తానంటే ఏం కొలిచి ఆ మాట అంటున్నారో అడగండి.

అడవి దారిలో

భద్రాచలం నుంచి చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్‌కు వెళ్లేవాళ్లు దిగుడులో కిందిగేరు పెట్టుకోవాలి. ఎత్తు మీద ఆగినప్పుడు బ్రేకు తొక్కండి. ఏఎంటీనో, డ్యూయల్ క్లచ్‌నో యాక్సిలరేటర్‌తో నిలబెడితే క్లచ్ మాడిపోతుంది. బండి ఆగిపోతే తాడు కట్టి లాగించకండి. ఇంజన్ ఆగితే ఆయిల్ పంపూ ఆగుతుంది కాబట్టి చక్రాలు తిరిగేకొద్దీ లోపల ఎండు రాపిడే. బండిని మోసుకెళ్లే వాహనాన్నే పిలిపించాలి.

కుదుపు ఒక్కటే ఉంటే నెమ్మదిగా ఇంటికి చేరుకోవచ్చు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ చప్పుడు పెరిగి వేగం పెరగకపోయినా, మాడు వాసన వచ్చినా, బండి ఒకే గేరులో ఇరుక్కున్నా ఘాట్ వైపు వెళ్లకండి. ఆ దారిలో చాలా దూరం ఫోన్ సిగ్నల్ కూడా దొరకదు. భద్రాచలంలోనే ఆపేయండి.