బహుళ ప్రాసెసర్ వ్యవస్థలలో నెట్‌వర్క్ పోలింగ్: అడిగే బాధ్యత ఎవరిది?

కీలక పదాలు: ఆపరేటింగ్ సిస్టమ్, ఇంటరప్ట్, పోలింగ్, రిసీవ్ లైవ్‌లాక్, నాపి.

1. ఉపోద్ఘాతం:
నెట్‌వర్క్ కార్డుకు ప్యాకెట్టు చేరిన సంగతి ప్రాసెసరుకు తెలిసే మార్గాలు ప్రధానంగా రెండు. కార్డే సంకేతమిచ్చి ప్రాసెసరు చేస్తున్న పనిని ఆపించడం ఇంటరప్ట్ పద్ధతి. ప్రాసెసరే వెళ్ళి కార్డును అడిగి తెలుసుకోవడం పోలింగ్ పద్ధతి. పోలింగ్ వలన ప్రాసెసరు కాలం వృథా అవుతుందన్న అభిప్రాయం బోధనలో తరచుగా వినిపిస్తుంది. అది ఎంతవరకు నిజమో, ప్రాసెసర్లు అనేకమైనప్పుడు ఏ కొత్త సమస్య తలెత్తుతుందో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. ఇంటరప్టుల తాకిడి:
సెకనుకు 1 గిగాబిట్ వేగంగల ఈథర్‌నెట్‌లో 64 బైట్ల కనిష్ఠ ఫ్రేములు సెకనుకు 14,88,095 వరకు రాగలవు. ఒక్కొక్కదానికి లభించే వ్యవధి 672 నానోసెకన్లు. ఇతర పనులన్నిటికంటే ఇంటరప్టుకే ప్రాధాన్యం ఎక్కువ. కనుక ప్రతి ఫ్రేముకూ ఇంటరప్ట్ వస్తే ప్యాకెట్లను దింపుకోవడంతోనే కాలం గడిచిపోతుంది. వాటిని అప్లికేషనుకు అందించే వ్యవధి మిగలదు. క్యూ నిండిపోయి, శ్రమించి దింపిన ప్యాకెట్లనే పారవేయవలసి వస్తుంది. యంత్రానికి తీరిక ఉండదు, ఫలితమూ ఉండదు. దీనినే రిసీవ్ లైవ్‌లాక్ అంటారు. జెఫ్రీ మోగుల్, కె.కె. రామకృష్ణన్ 1996లో దీనికి పరిష్కారం చూపారు. మొదటి ఇంటరప్టు రాగానే తరువాతి వాటిని ఆపివేసి, పరిమిత సంఖ్యలో ప్యాకెట్లను పోలింగ్ ద్వారా తీసుకోవాలన్నది దాని సారం.

3. ప్రాసెసర్లు అనేకమైనప్పుడు:
ఒకే క్యూను రెండు ప్రాసెసర్లు ఏకకాలంలో పోల్ చేస్తే, లాక్ లేనిచోట సమాచారం చెడుతుంది. లాక్ ఉన్నచోట ఒకటి పనిచేస్తుండగా మరొకటి వేచి ఉంటుంది. పైగా ఒకే టీసీపీ అనుసంధానానికి చెందిన ప్యాకెట్లు క్రమం తప్పవచ్చు. ఆ క్రమభంగాన్ని టీసీపీ ప్యాకెట్ల నష్టంగా భావించి వేగం తగ్గించుకొనే ప్రమాదం ఉంది. ఫ్రీబీఎస్‌డీలో లూయిజీ రిజ్జో ప్రవేశపెట్టిన పోలింగ్ తొలిరూపం బహుళ ప్రాసెసర్ కెర్నెల్‌తో పొసగకపోవడం ఇక్కడ గమనార్హం.

లినక్స్‌లోని నాపి ఈ చిక్కును యాజమాన్య నియమంతో విడదీసింది. ఇంటరప్టు అందుకున్న ప్రాసెసరు ఆ క్యూను తన పోలింగ్ జాబితాలో చేర్చుకొని, ఒక బిట్టును గుర్తుగా నిలుపుతుంది. ఆ గుర్తు ఉన్నంతవరకు మరొక ప్రాసెసరు దానిని పోల్ చేయదు. ఒక విడతకు పరిమితి సాధారణంగా 64 ప్యాకెట్లు. అంతకంటే తక్కువ దొరికితే గుర్తు తొలగించి, ఇంటరప్టును తిరిగి అనుమతిస్తుంది. పరిమితి నిండితే ఆ క్యూ జాబితా చివరకు చేరి మళ్ళీ తన వంతు కోసం నిలుస్తుంది.

బహుళ క్యూల కార్డులు ఈ నియమాన్ని విస్తరించాయి. చిరునామాలు, పోర్టు సంఖ్యల ఆధారంగా ఒక అనుసంధానపు ప్యాకెట్లన్నీ ఒకే క్యూకు చేరతాయి. క్యూలను ప్రాసెసర్లకు పంచుతారు. క్రమమూ నిలుస్తుంది, భారమూ పంచబడుతుంది. అయితే భారమంతా ఒకే అనుసంధానానిదైతే మిగిలిన ప్రాసెసర్లు ఆదుకోలేవు.

4. ముగింపు:
రద్దీ తక్కువైనప్పుడు ఇంటరప్టు, పెరిగినప్పుడు పోలింగ్ ఉపయుక్తం. ప్రాసెసరు ఒక్కటే అయితే ఎప్పుడు అడగాలన్నది తేలితే చాలు; అనేకమైనప్పుడు ఎవరు అడగాలన్నదీ తేలాలి. ఈ రెండు ప్రశ్నలనూ కలిపి బోధించినప్పుడే నేటి కెర్నెళ్ళ నిర్మాణం విద్యార్థికి అవగతమవుతుంది.