ఇవాళ తిప్పాలా, రేపటికి ఆపాలా?

అమీర్‌పేట మైత్రీవనంలో తలెత్తి చూస్తే ఆకాశం కన్నా బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. పైథాన్, డేటా సైన్స్, మెషిన్ లెర్నింగ్... డెమో క్లాసు ఫ్రీ. లోపల పిల్లలు సాధన చేసేది టైటానిక్‌లో ఎవరు బతికారు, ఐరిస్ పువ్వు రేకు పొడవెంత అన్న లెక్కల మీద. అక్కడే మెట్రో ఎక్కితే పంజాగుట్ట దాటగానే ఎర్రమంజిల్, అక్కడ జలసౌధ. ఆ పై స్టేషన్ ఖైరతాబాద్, అక్కడ విద్యుత్ సౌధ. నీళ్ల లెక్క ఒకచోట, కరెంటు లెక్క ఇంకోచోట. ఈ రెండు భవనాల మధ్య ఏటా నలిగే ప్రశ్న ఒకటుంది: శ్రీశైలంలో ఉన్న నీటితో ఇవాళే టర్బైన్లు తిప్పాలా, రేపటికి దాచాలా? టైటానిక్ కన్నా ఇది మనకు దగ్గరి లెక్క. కష్టమైనది కూడా.

సూత్రం ఇంటర్ పిల్లలకూ తెలుసు: ఎంత నీరు, ఎంత ఎత్తు నుంచి. శ్రీశైలం నిండితే 885 అడుగులు, దిగువన నాగార్జునసాగర్ నిండితే 590. తేడా దాదాపు 90 మీటర్లు. యంత్రాల సామర్థ్యం 90 శాతం అనుకుంటే ఒక్క టీఎంసీకి సుమారు 62 లక్షల యూనిట్లు. సాగర్ అలాగే ఉండి శ్రీశైలం 834కి పడిపోతే అదే టీఎంసీకి దాదాపు 52 లక్షలే. అంటే ఇవాళ తిప్పిన నీరు, మిగిలిన నీటి బలాన్ని కూడా కొంత తీసుకుపోతుంది. పోనీ దాచుకుందామా? ఎగువన ఆల్మట్టి, తుంగభద్ర ఒకేసారి వదిలితే గేట్లెత్తక తప్పదు. అలా పోయిన నీరు శ్రీశైలంలో ఒక్క యూనిట్టూ ఇవ్వదు. 2009లో దేశమంతా కరువు. అదే ఏడాది అక్టోబరు మొదట్లో శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది.

ఈ చిక్కుకు గణితం వెతికినవాళ్లలో ముందువరసలో ఉన్నాడు ఫ్రెంచి ఇంజినీరు పియర్ మాసె. 1946లోనే జలాశయాల మీద పుస్తకం రాశాడు. నీటిని ఎవరూ కొనక్కర్లేదు. కానీ రేపు అది ఎంత బొగ్గు ఖర్చు తప్పిస్తుందో, ఇవాళ దాని విలువ అంత. రేపు ఎన్ని రకాలుగా ఉండొచ్చన్నదే పేచీ. నెలకు పది రకాల ఇన్‌ఫ్లోలు ఊహించినా ఏడాదికి లక్ష కోట్ల దారులు తేలతాయి. అన్నీ నడవనక్కర్లేదని 1991లో బ్రెజిల్‌కు చెందిన పెరేరా, పింటో చూపించారు. కొన్ని దారుల్లో ముందుకు వెళ్లి, వెనక్కి వస్తూ, భవిష్యత్తు ఖర్చును సరళరేఖలతో అంచనా కట్టే పద్ధతి వారిది. కరెంటులో సింహభాగం నదుల నుంచే వచ్చే దేశం కాబట్టి అక్కడ అది కాగితం మీద ఆగలేదు.

మన దగ్గర లెక్కలు కట్టేది నమ్మక శాతంతో. 1973లో బచావత్ ట్రిబ్యునల్ 78 ఏళ్ల రికార్డులు చూసి, నాలుగేళ్లలో మూడేళ్లు, అంటే 75 శాతం నమ్మకంతో, కృష్ణలో దొరికే నీరు 2060 టీఎంసీలని తేల్చింది. 2010లో బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 65 శాతం నమ్మకం మీద 2293 అంది. నీరు పంచుకోవడానికి ఇలాంటి ఒక్క అంకె చాలేమో, టర్బైన్ తిప్పడానికి చాలదు. జలాశయమే మారిపోతోంది మరి: శ్రీశైలం మొదట 308 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి ఇప్పుడు 215కి వచ్చింది.

నా దృష్టిలో అసలు ప్రమాదం ఇన్‌ఫ్లోను, డిమాండ్‌ను వేరువేరుగా అంచనా వేయడంలో ఉంది. వాన తప్పితే కృష్ణలో నీరు తగ్గుతుంది. అదే వాన తప్పినందుకు బోరు మోటార్లు ఎక్కువ గంటలు నడుస్తాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు కూడా. అంటే జలవిద్యుత్తు పడిపోయే ఏడాదే అవసరం పెరుగుతుంది. రెండిటికీ సగటు తీసుకున్న మోడల్‌కు ఆ చెడ్డ ఏడాది కనపడనే కనపడదు.

ఇంకో సంగతి పాఠ్యపుస్తకాల్లో అంతగా ఉండదు. మాసె లెక్కలో జలాశయానికి యజమాని ఒక్కడే. శ్రీశైలంలో ఎడమగట్టున 900 మెగావాట్ల భూగర్భ కేంద్రం తెలంగాణది, కుడిగట్టున 770 మెగావాట్లు ఆంధ్రప్రదేశ్‌వి. నేను ఆపిన నీటిని అవతలి గట్టు తిప్పేసుకోవచ్చు, కాలువకు మళ్లించుకోవచ్చు. దాచింది తనకే దక్కుతుందన్న నమ్మకం లేనప్పుడు ఏ అల్గారిథమ్ అయినా ఇవాళే తిప్పమంటుంది. 2021 జూన్ 28న పూర్తి సామర్థ్యంతో జలవిద్యుత్తు ఉత్పత్తి చేయాలని తెలంగాణ ఉత్తర్వు ఇచ్చింది. పోతిరెడ్డిపాడు కాలువకు నీరందాలంటే శ్రీశైలంలో 854 అడుగులుండాలని ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం చెప్పింది. శ్రీశైలం ప్రాథమికంగా విద్యుత్ ప్రాజెక్టేనని తెలంగాణ జవాబు. డ్యాముల మీద ఇరు రాష్ట్రాల పోలీసులూ మోహరించారు. జులై 15న కేంద్రం గెజిట్ ఇచ్చి ప్రాజెక్టులను కృష్ణా బోర్డు పరిధిలోకి తెచ్చింది. అమలు తేదీ అక్టోబరు 14. ఆ తేదీ వచ్చి వెళ్లింది, విద్యుత్ కేంద్రాల అప్పగింత మాత్రం జరగలేదు.