మూలకణములు గమ్యము చేరినవా?

పైరు పండుటకు మేలైన విత్తనము ఒక్కటే చాలదు. అది సరియైన చోట పడవలెను. మొలచినదో లేదో రైతు చూచుకొనవలెను. దెబ్బతిన్న అవయవములను మూలకణములతో బాగుచేయు చికిత్సకును ఈ రెండే పెద్ద సమస్యలు.

తమవంటి కణములను పుట్టించుచు, ఇతర కణములుగా కూడ మారగలవి మూలకణములు. ఎముకమజ్జనుండి తీసి పెంచిన మూలకణములను సిరలోనికి ఎక్కించినచో, అవి గుండె కుడిభాగము దాటి ముందుగా ఊపిరితిత్తులకే పోవును. అచ్చటి సూక్ష్మ రక్తనాళముల వెడల్పు సుమారు 5–10 మైక్రానులు. ఈ కణములు 15–30 మైక్రానులు. కావున పెక్కు కణములు అక్కడనే చిక్కుకొనును. సూదితో నేరుగా గుండెకండరములో ఎక్కించినను, చాలభాగము కొన్ని దినములలోనే నశించును.

మరి చేరినవో లేదో తెలియుట ఎట్లు? కణములకు ముందుగా ఐరన్ ఆక్సైడు నలుసులు పట్టించి ఎమ్.ఆర్.ఐ. తీసినచో, అవి ఉన్నచోట నల్లని మచ్చ కనబడును. కాని కణము చచ్చినను ఇనుము మిగులును. దానిని భక్షకకణములు మ్రింగును. అప్పుడు మచ్చ ఉండును, మూలకణము ఉండదు! మచ్చను నమ్మిన వైద్యుడు మోసపోవును. అందుచే, బ్రతికియున్న కణమే తయారుచేయగల ప్రోటీనును గుర్తుగా వాడు పద్ధతిని శాస్త్రజ్ఞులు జంతువులలో పరీక్షించుచున్నారు.

కంటి విషయము కొంత సులభము. సున్నము వంటివి పడి ఒక కన్ను చెడినవారికి హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వైద్యులు 2012లో ఒక పద్ధతి ప్రకటించిరి. మంచికంటిలో నల్లగ్రుడ్డు, తెల్లగ్రుడ్డు కలియు అంచునుండి చిన్నముక్క తీసి, దానిని తునకలుచేసి, రోగి కంటిపై పరచిన ఉమ్మనీటిసంచి పొరమీద జిగురుతో అతికింతురు. నాటిన కణములు అక్కడనే నిలుచును. పైపొర పెరుగుదలను వైద్యుడు స్వయముగా చూడగలడు.

గుండెలో నాటిన కణములను గూడ ఇంత నమ్మకముగా చూడగలుగుటయే ఇక సాధింపవలసినది.