పిల్లలు నెత్తురు కక్కుకుంటే – లివరు చెడినట్టేనా?

జ్వరం లేదు, కడుపునొప్పి లేదు. అంతవరకూ ఆడుకుంటున్న అయిదారేళ్ల పిల్లవాడు వున్నట్టుండి భళుక్కున నెత్తురు వాంతి చేసుకుంటాడు. మర్నాడు విరేచనం తారులా నల్లగా అవుతుంది. ఇంటిల్లిపాదీ హడలిపోతారు. డాక్టరు పొట్ట నొక్కి చూస్తే ఎడమ పక్కటెముకల కింద బల్ల చేతికి తగులుతుంది. “బల్ల పెరిగింది, నెత్తురు కక్కుకున్నాడు, ఇక లివరు చెడిపోయినట్టే” అని ఎవరో ఒకరు అననే అంటారు.

పెద్దవాళ్లలో, ముఖ్యంగా తాగుడు అలవాటున్న వాళ్లలో, ఆ మాట చాలాసార్లు నిజమే అవుతుంది. పిల్లల విషయంలో మాత్రం అలా తేల్చెయ్యకూడదు. మన దేశంలో పిల్లలు ఇలా ఎక్కువ మోతాదులో నెత్తురు కక్కుకోవడానికి ముఖ్యమైన కారణం లివరు జబ్బు కాదు. లివరుకు రక్తం తీసుకుపోయే పోర్టల్ సిర మూసుకుపోవడం. అంటే దారి మూసుకుపోయిందే గాని, లివరు బాగానే వుంది. ఈ తేడా తెలియక బిడ్డ మీద ఆశ వదులుకున్న తల్లిదండ్రులూ వున్నారు, బల్ల కరుగుతుందని పసివాడి పొట్ట మీద వాతలు పెట్టించిన వారూ వున్నారు.

అక్విడక్టు మూసుకుపోతే ఏమవుతుంది?

పేగుల నుంచీ, ప్లీహం నుంచీ వచ్చే రక్తం తిన్నగా గుండెకు పోదు. ముందు పోర్టల్ సిర ద్వారా లివరుకు చేరుతుంది. లివరుకు అందే రక్తంలో సుమారు ముప్పాతిక వంతు ఈ దారినే వస్తుంది.

మా రాజోలు వాళ్లకు ఇది చెప్పడం తేలిక. గోదావరి కాలువ నీరు వైనతేయ పాయ దాటి మా పొలాలకు రావాలంటే పి.గన్నవరం అక్విడక్టు మీదుగా రావాలి. ఆ అక్విడక్టుకు గుర్రపుడెక్క అడ్డం పడిందనుకోండి. ఎగువన కాలువ ఉబ్బుతుంది. దొరికిన బోదెలోకల్లా నీరు తోసుకుపోతుంది. గట్టు ఎక్కడ బలహీనంగా వుంటే అక్కడ గండి పడుతుంది. ఇందులో ఇవతలి పొలం తప్పేమీ లేదు. పొలం మంచిదే, దానికి నీరు అందడం లేదు, అంతే.

ఈ పొలమే లివరు. కాలువ ఉబ్బడమే పోర్టల్ హైపర్‌టెన్షన్. చేతికి పట్టీ కట్టి చూసే మామూలు బి.పి.కీ దీనికీ సంబంధం లేదు. రక్తం వెనక్కి తన్ని ప్లీహం పెరుగుతుంది. మనవాళ్లు బల్ల అనేది దాన్నే. రక్తం దొడ్డిదారులు వెతుక్కునే క్రమంలో అన్నవాహిక కింది భాగంలోని సన్నని సిరలు మెలికలు తిరిగి ఉబ్బుతాయి. వాటిలో ఒకటి చిట్లితే అదే గండి, అదే నెత్తురు వాంతి.

ఎందుకు మూసుకుపోతుంది?

పుట్టిన కొత్తలో బొడ్డుకు చీము పట్టి, ఆ విషం బొడ్డు సిర గుండా లోపలికి పాకితే పోర్టల్ సిరలో రక్తం గడ్డకట్టవచ్చు. పసికందుకు రక్తమంతా విషపూరితమయ్యే జబ్బు చేసినా, తీవ్రమైన విరేచనాలతో ఒంట్లో నీరు ఇంకిపోయినా అలా జరగవచ్చు. కొందరికి రక్తం తొందరగా గడ్డకట్టే గుణం పుట్టుకతో వుంటుంది. చాలామంది పిల్లల్లో ఎంత వెతికినా కారణం దొరకదు. కాబట్టి తల్లిని నిందించడం తగదు.

అయినా మన చేతిలో వున్న జాగ్రత్త ఒకటుంది. బొడ్డు మీద బూడిద, పసుపు, ఆముదం, పేడ ఏదీ పూయకండి. పొడిగా, శుభ్రంగా వుంచితే చాలు. బొడ్డు చుట్టూ ఎర్రబడినా, చీము కారినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.

గుర్తుపట్టడం ఎలా?

బల్ల పెరిగినంత మాత్రాన అది ఈ జబ్బేనని అనుకోకండి. మలేరియా, టైఫాయిడ్, రక్తానికి సంబంధించిన జబ్బులు, లివరు జబ్బులు – అన్నింటిలోనూ బల్ల పెరుగుతుంది. అయితే పిల్లవాడు నొప్పి లేకుండా నెత్తురు కక్కుకుని, బల్ల పెరిగి, కళ్లు పచ్చబడకుండా, రక్తస్రావం ఆగాక మామూలుగా తిరుగుతుంటే ముందుగా పోర్టల్ సిరనే అనుమానించాలి. కొందరికి నెత్తురు వాంతి లేకుండానే పొట్ట ఎడమవైపు బరువుగా వుండటం, ఎదుగుదల తగ్గడం, పాలిపోవడం, తరచు ముక్కు వెంట రక్తం కారడం కనిపిస్తాయి. పెరిగిన ప్లీహం రక్తకణాలను పట్టి వుంచుకోవడం వల్ల ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు తగ్గుతాయి.

ఐరన్ టానిక్కు తాగినా విరేచనం నల్లగానే అవుతుంది. అందుకు భయపడక్కర్లేదు. తారులా జిగటగా, దుర్వాసనతో వుండి, పిల్లవాడు నీరసపడితేనే ప్రమాదం.

పరీక్షల్లో మొదటిది డాప్లర్ అల్ట్రాసౌండు. సూది గుచ్చే పని లేదు, నొప్పి లేదు. పోర్టల్ సిర వుండవలసిన చోట సన్నని దారాల ఉండలా చిన్న చిన్న నాళాల గుంపు కనిపిస్తే జబ్బు దాదాపు తేలినట్టే. రెండోది ఎండోస్కోపీ. సన్నని గొట్టంతో అన్నవాహికలో ఉబ్బిన సిరలను కళ్లారా చూడవచ్చు. రక్తపరీక్షల్లో లివరు పనితీరు సాధారణంగా బాగానే వుంటుంది. బాగాలేకపోతే హెపటైటిస్, విల్సన్ జబ్బు వంటి వాటి కోసం వెతకాలి. ఆపరేషను ఆలోచన వుంటే సి.టి. లేదా ఎం.ఆర్. స్కానుతో సిరల పటం తీస్తారు.

నెత్తురు వాంతి అయినప్పుడు

పిల్లవాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నెత్తురు ఊపిరితిత్తుల్లోకి పోకుండా వుంటుంది. నోటికి ఏమీ పట్టకండి – పసరూ వద్దు, మజ్జిగా వద్దు. 108కి ఫోన్ చెయ్యండి. వాంతి ఆగిపోయింది కదా అని ఇంట్లో వుండిపోకండి. గండి మళ్లీ పడవచ్చు. ముందు దగ్గరలోని ఆస్పత్రిలో సెలైన్ పెట్టించి, నాడి, రక్తపోటు నిలబెట్టాక ఎండోస్కోపీ, రక్తనిధి వున్న పెద్దాస్పత్రికి వెళ్లాలి. బయలుదేరేటప్పుడు పాత కాగితాలన్నీ వెంట తీసుకువెళ్లండి. ఒకే రక్తం గ్రూపువాళ్లు ఇద్దరు తోడువస్తే మంచిది.

అక్కడ అవసరమైనంత రక్తం ఎక్కిస్తారు. మరీ ఎక్కువ ఎక్కిస్తే సిరల్లో ఒత్తిడి పెరిగి మళ్లీ చిట్లవచ్చు. అంచేత “ఇంకో సీసా ఎక్కించండి” అని పట్టుబట్టకండి.

చికిత్స

చిట్లిన సిరలకు ఎండోస్కోపీ ద్వారా సన్నని రబ్బరు బ్యాండ్లు వేసి బిగిస్తారు. బ్యాండు పరికరం పట్టనంత చిన్నపిల్లలకు ఆ సిరల్లోకి మందు ఇంజక్షన్ చేస్తారు. ఈ ఇంజక్షన్ పద్ధతిని మొదట 1939లో స్వీడన్‌లో ప్రయత్నించారు. ఒక్కసారితో పని పూర్తి కాదు. కొన్ని వారాల ఎడంతో సిరలన్నీ పూడేదాకా చేయించాలి. ఆ తరువాత కూడా డాక్టరు చెప్పిన గడువుకు వచ్చి చూపించుకోవాలి. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. పిల్లవాడు హుషారుగా తిరుగుతున్నాడని రెండోసారి రారు. గట్టుకు ఒకచోట మట్టి వేసి ఊరుకుంటే మరోచోట తెగుతుంది.

బ్యాండ్లు వేసినా రక్తస్రావం ఆగకపోతే, ప్లీహం మరీ పెరిగితే, ఎదుగుదల కుంటుపడితే, పిత్తనాళాలు నొక్కుకుపోతే ఆపరేషను ఆలోచిస్తారు. షంట్ ఆపరేషన్‌లో ఎక్కువైన రక్తాన్ని వేరే సిరలోకి మళ్లిస్తారు. కాలువ పొంగు మురుగుకాలువలోకి వదిలినట్టన్నమాట: గట్టు నిలుస్తుంది గాని పొలానికి నీరు రాదు. 1992లో బెల్జియం సర్జన్లు ప్రకటించిన మీసో-రెక్స్ ఆపరేషను వేరు. పిల్లవాడి మెడలోని సిర ముక్కతో పేగుల రక్తాన్ని లివరు లోపలి పోర్టల్ సిర కొమ్మకే కలుపుతారు. పాత అక్విడక్టు పక్కన కొత్తది కట్టడం వంటిదిది. పొలానికి మళ్లీ నీరు పారుతుంది. లోపలి సిర తెరుచుకుని వున్నవారికే ఇది కుదురుతుంది, అందరికీ కాదు.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. బల్ల పెద్దగా వుందని తొందరపడి ప్లీహాన్ని మాత్రం తీసివేయించకండి. మూసుకుపోయిన దారి తెరుచుకోదు సరికదా, రేపు షంట్‌కు పనికివచ్చే సిర పోతుంది. అంటురోగాలను ఎదుర్కొనే శక్తీ తగ్గుతుంది. తియ్యక తప్పని పరిస్థితి అరుదు. అప్పుడు కూడా ముందు టీకాలు వేయించాలి.

ఇంట్లో జాగ్రత్తలు

జ్వరం వస్తే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వెయ్యకండి. అవి రక్తస్రావాన్ని రేపుతాయి. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు. మందుల షాపులో కూడా ఈ సంగతి ముందే చెప్పండి. బల్ల పెరిగి వున్నంతకాలం కబడ్డీ, కుస్తీ, చెట్లెక్కడం వద్దు. పొట్ట మీద దెబ్బ తగిలితే ప్లీహం చిట్లవచ్చు. బడి మాత్రం మాన్పించకండి. పత్యం పేరుతో ఉప్పూ, నూనె, చేపలూ మాన్పించి కడుపు మాడ్చకండి. పెరిగే బిడ్డకు అన్నీ కావాలి. వాతలు, పసర్లు వద్దే వద్దు. వాత పుండుపడుతుంది, బల్ల ఒక్క అంగుళం కూడా తగ్గదు.

ఖర్చు గురించి వెనుకాడకండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నడుస్తున్న పథకం కింద మీ బిడ్డ చికిత్స వస్తుందేమో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

లివరు మంచిది కాబట్టి ఈ పిల్లలు రక్తస్రావాన్ని లివరు చెడినవారి కంటే బాగా తట్టుకుంటారు. సకాలంలో వైద్యం చేయించి, గడువు తప్పకుండా చూపించుకుంటే వీళ్లలో ఎక్కువమంది చదువుకుని, పెద్దవాళ్లై, అందరిలాగే బతుకుతారు. మీ పిల్లవాడి పొట్టలో బల్ల తగులుతుంటే నెత్తురు పడేదాకా ఆగకండి. ఈ వారమే ఒక డాప్లర్ స్కాను తీయించమని మీ డాక్టరును అడగండి.